ఇంజనీరింగ్ విద్యలో మిశ్రమ అభ్యసనం: తరగతి గదికి మిగలవలసినది

ఉపోద్ఘాతం

ఆన్‌లైన్ బోధనను, తరగతి బోధనను ఒక ప్రణాళిక ప్రకారం మేళవించే పద్ధతిని మిశ్రమ అభ్యసనం అంటారు. ఈ నిర్వచనంలో కీలకమైన మాట ‘ప్రణాళిక’. కరోనా కాలంలో తరగతి ఉపన్యాసాన్నే యథాతథంగా కెమెరా ముందు చెప్పిన కళాశాలలు చాలా ఉన్నాయి. అక్కడ మారింది మాధ్యమమే గాని బోధన కాదు.

వనరులకు కొరత లేదు. ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్‌లో ఇంజనీరింగ్ ప్రధాన శాఖలకు పాఠాలున్నాయి. 2017లో వచ్చిన ‘స్వయం’ వేదిక కోర్సును వీడియో పాఠం, పఠన సామగ్రి, చర్చావేదిక, స్వీయ మూల్యాంకనం అని నాలుగు భాగాలుగా రూపొందించమంటుంది. అధ్యాపకుడు తేల్చుకోవలసినది, వీటిలో ఏది విద్యార్థి ఒంటరిగా చేయగలడు, దేనికి తోడు కావాలి అన్నది.

విభజన ఎలా?

సివిల్, మెకానికల్ విద్యార్థులు చదివే బెండింగ్ మొమెంట్ పాఠాన్ని తీసుకోవచ్చు. నిర్వచనాలు, సంజ్ఞా నియమాలు, ఒక సాధించిన లెక్క పది నిమిషాల వీడియోలో ఇమిడిపోతాయి. రెండు చివరలా ఆనుకున్న 6 మీటర్ల బీమ్ మధ్యలో 12 కిలోన్యూటన్ల భారం ఉంటే ఒక్కొక్క ఆధారం వద్ద ప్రతిచర్య 6 కిలోన్యూటన్లు. గరిష్ఠ మొమెంట్ 18 కిలోన్యూటన్ మీటర్లు. దీనిని విద్యార్థి ఇంటివద్దనే చేసి రాగలడు.

తరగతిలో అడగవలసిన ప్రశ్న వేరు: అదే 12 కిలోన్యూటన్ల భారాన్ని బీమ్ అంతటా సమంగా పరిస్తే గరిష్ఠ మొమెంట్ పెరుగుతుందా, తగ్గుతుందా, మారదా? ప్రతిచర్యలు మారవు కనుక మొమెంట్ కూడా మారదనుకోవడం సహజం. నిజానికి అది సగమై 9కి తగ్గుతుంది. బీమ్ మధ్య నుంచి ఒక పక్కకు చూస్తే, ఆ సగంపై పరచుకున్న భారం ప్రతిచర్య కలిగించే మొమెంట్‌లో సగాన్ని రద్దు చేస్తుంది. ఈ కారణాన్ని విద్యార్థులు తమలో తాము వాదించుకొని కనుగొనాలి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి అనుసరించిన సహాధ్యాయి బోధన ఇదే. ముందు ఎవరికి వారు సమాధానం ఎంచుకోవాలి, తరువాత పక్కవారితో చర్చించాలి, మళ్ళీ ఎంచుకోవాలి. మొదటిసారే అందరూ సరిగా చెప్పినా, దాదాపు ఎవరూ చెప్పలేకపోయినా చర్చ వ్యర్థం. కాబట్టి ప్రశ్న రచనే ఇక్కడ అసలైన పాఠ్యరచన.

ప్రయోగశాల, భాష

కేంద్ర ప్రభుత్వ వర్చువల్ ల్యాబ్స్ పథకంలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. ఇలాంటి ప్రయోగాలు ముందస్తు సాధనకు చక్కగా పనికివస్తాయి. వదులైన తీగను వెతికి పట్టుకొనే నేర్పు మాత్రం బల్లమీదనే అలవడుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఆంగ్ల ఉపన్యాసంలో జారిపోయిన వాక్యం తిరిగి దొరకదు. వీడియోను ఆపి మళ్ళీ వినవచ్చు. ‘షియర్ ఫోర్స్’ వంటి పదాలను అలాగే ఉంచి వివరణను తెలుగులో చెప్పడం మేలు, ఎందుకంటే ఆంగ్లంలో పరీక్ష రాయవలసిన విద్యార్థికి కొత్తగా కల్పించిన పారిభాషిక పదం మరొక బరువవుతుంది. 2021-22 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా భారతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు వీలు కల్పించింది గనుక ఇలాంటి పాఠాల అవసరం ఇంకా పెరిగింది.

అయితే పది నిమిషాల వీడియో తయారీకి గంటలు పడుతుంది. కాలపట్టికలో తరగతి గంటలను మాత్రమే పనిభారంగా లెక్కించినంతకాలం ఆ శ్రమ అధ్యాపకుని సొంత సమయం నుంచే రావాలి.