పరిశోధన నర్సు ఎవరి పక్షం?

ఆసుపత్రిలో సూది వేసే సిస్టరు మీకు తెలుసు. కొత్త మందుల పరిశోధనలో పనిచేసే నర్సును మాత్రం ఒక్కోసారి తోటివారే "కాగితాల పని చేసే ఆమె" అనుకుంటారు. నిజానికి ఆమె భారం రెండు వైపులా ఉంటుంది. పరిశోధన పద్ధతి తప్పకూడదు, రోగికి హాని కలగకూడదు. రెండింటిలో రోగి క్షేమమే ముందు.

2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. టీకా మంచిదే, లోపం అనుమతి తీసుకోవడంలో.

కనుక "సిస్టరమ్మ చెప్పింది" అని సంతకం చేయకండి. ముందు అడగండి:

1. ఇది చికిత్సా, పరిశోధనా?
2. ఏ ఇబ్బందులు రావచ్చు?
3. హాని జరిగితే ఉచిత వైద్యం ఎవరు చేయిస్తారు?

మధ్యలో మానుకునే హక్కు మీకుంది. మానుకున్నా మామూలు వైద్యం ఆగదు. మీ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడమే ఆ నర్సు వృత్తిధర్మం.