తడి నేలకు ఏ మేక?

గోదావరి లంకల్లోనో కృష్ణా డెల్టాలోనో మేకలు పెంచుదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఏ జాతి బాగా బరువొస్తుంది? యూట్యూబ్ చూసి వచ్చినవాళ్లయితే బోయర్ అనో, జమునాపారి అనో జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. షెడ్డులో కట్టేసి మేపేవాళ్ల సంగతి వేరు. మందను బయటికి వదిలి మేపేవాళ్లు మాత్రం ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఇక్కడి వానల్లో పెద్దగా మందుల్లేకుండా ఏ మేక బతికి, ఏటా పిల్లల్ని పెంచి ఇస్తుంది?

తడికీ మేకకూ ఎందుకు పడదు?

వానలో తడవడం మేకకు గిట్టదు, నిజమే. కానీ దాని అసలు శత్రువు గడ్డిలో ఉంటుంది. హీమాంకస్ అనే నట్ట అది. మేక నాలుగో పొట్టలో చేరి రక్తం పీలుస్తుంది. ఒక్కో ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది, అవి పెంటికలతో బయట పడతాయి. వెచ్చదనం, తేమ రెండూ దొరికితే వారం తిరిగేసరికి పిల్ల పురుగులు సిద్ధం. గడ్డిపోచ మీది తడిని పట్టుకుని అవి పైకి పాకుతాయి, అదీ ఎక్కువగా బెత్తెడు ఎత్తులోపే. మేక అక్కడ కొరికితే మూడు వారాలకల్లా దాని కడుపులో మళ్లీ గుడ్లు మొదలవుతాయి. అనంతపురం ఎండకు ఈ పురుగులు చాలావరకు మాడిపోతాయి. డెల్టాలో వానలు మొదలైంది లగాయతు వాటికి పండగే.

పైగా మేక పుట్టుకతో రొట్ట తినే జీవి. ముందుకాళ్లు కొమ్మకు ఆనించి పైఆకులు అందుకునేదానికి నేలమీది నట్టలను తట్టుకునే శక్తి గొర్రెకున్నంత అబ్బలేదు. నట్టల మందు కూడా దాని ఒంట్లో గొర్రెలో నిలిచినంత సేపు నిలవదు.

అయితే బోయర్ మంచి జాతి కాదా?

మంచిదే, దాని గడ్డమీద. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ పొడి తుప్పల్లో, కండ పట్టే మేక కోసం రైతులు ఎంచుకుంటూ వచ్చిన జాతి అది. 1993లో అమెరికాలో అడుగుపెట్టగానే జనం ఎగబడి కొన్నారు. తర్వాత నాష్‌విల్‌లోని టెనెస్సీ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి తేమ వాతావరణంలో బోయర్, కికో, స్పానిష్ మేకలను ఒకే రకం పచ్చిక మీద కొన్నేళ్లు మేపి చూశారు. బోయర్ తల్లుల్లో నట్టల బెడద ఎక్కువగా కనిపించింది, గిట్టల జబ్బూ ఎక్కువే. ఏళ్లు గడిచేకొద్దీ మందలో నిలిచినవి తక్కువ. ఒక్కో తల్లి ఎన్ని కిలోల పిల్లల్ని పెంచి ఇచ్చిందని లెక్కేసినా వెనకబడింది బోయరే.

మిగతా రెంటిలో కికో కథ తెలుసుకోదగ్గది. న్యూజిలాండ్‌లో అడవిపాలై తిరుగుతున్న మేకలను పట్టి, పాల జాతుల పోతులతో దాటించారు. పుట్టినవాటికి దాణా లేదు, గిట్టలు చెక్కడం లేదు, నట్టల మందు లేదు. బతికి త్వరగా ఎదిగినవాటినే తర్వాతి తరానికి ఉంచుకున్నారు. చెవి పొడవూ ఒంటి రంగూ ఎవరికీ పట్టలేదు. మనం తెచ్చుకోవాల్సింది ఆ మేకను కాదు, ఎంపిక చేసిన ఆ పద్ధతిని.

మరి మన కోస్తాలో ఏది కొనాలి?

బ్లాక్ బెంగాల్‌ను చూడొచ్చు. బెంగాల్, అస్సాం తడిలో పుట్టి పెరిగిన మేక. తల్లి బరువు 20 కిలోల చుట్టుపక్కలే. కవలలు మామూలు, మూడు పిల్లలు వేయడమూ వింత కాదు. అప్పుడు మాత్రం తల్లి పాలు చాలవు, ఒకదానికి సీసా పట్టాలి. చిన్న మేక అని చులకన చేస్తారు గానీ, చచ్చిన పెద్ద మేక కంటే బతికిన చిన్న పిల్లలు రెండు నయం.

నన్నడిగితే చుట్టుపక్కల ఊళ్లలో తరాలుగా వానకు తడుస్తూ నిలిచిన నాటు మేకల్లోంచే ఏరుకోమంటాను. ఎండాకాలంలో కొనకండి, అప్పుడు అన్నీ ఆరోగ్యంగానే కనిపిస్తాయి. వానలు తగ్గే కార్తీకంలో మందను చూడండి. చాలామంది మాంసం ముట్టని నెల గనక ధర కూడా కాస్త దిగొచ్చు.

ఎలా చూడాలి? మేకను వెలుతురులో నిలబెట్టి, ఒక బొటనవేలితో పైరెప్పను కనుగుడ్డు మీదికి సుతారంగా నొక్కి, రెండో బొటనవేలితో కింది రెప్ప లాగండి. లోపలి పొర ఎర్రగా ఉంటే సరే. కాగితంలా తెల్లబోయి ఉంటే రక్తమంతా నట్టల పాలైనట్టే. ఈ రంగులు పోల్చుకోవడానికి దక్షిణాఫ్రికాలో ఫమాచా అని 5 అంచెల రంగుల అట్ట కూడా తయారు చేశారు. దవడ కింద తడిమి చూడండి, నీరు దిగి మెత్తటి సంచిలా వేలాడుతుంటే ఆ మేక వద్దు. గిట్టల సందు వాసన చూడ్డానికి మొహమాటపడొద్దు.

కొన్నాక కూడా నెలనెలా మందంతటికీ మందు తాపడం మానండి. అలా తాపితే చావని నట్టలే మిగిలి పెరుగుతాయి. రెప్ప తెల్లబడినవాటికే, పశువైద్యుడు చెప్పిన మోతాదులో పట్టించండి. ఏ తల్లికి ఎన్నిసార్లు పట్టారో పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు వానాకాలాలు మందు అడగకుండా కవలల్ని పెంచిన తల్లి దొరికితే, దాని కొడుకును పోతుగా ఉంచుకోండి. కాకపోతే సొంత తల్లినీ అక్కచెల్లెళ్లనూ దాటకుండా వేరే మందకు మార్చాలి.

బోయర్ మీద మోజు తీరకపోతే, గట్టి ఒడ్డూపొడుగూ ఉన్న నాటు తల్లులకు ఆ పోతును దాటించండి. బ్లాక్ బెంగాల్ లాంటి చిన్న తల్లులకు వద్దు, ఈనేటప్పుడు పిల్ల అడ్డం పడి తల్లి ప్రాణం మీదికొస్తుంది. పుట్టిన పిల్లలను ఆడా మగా తేడా లేకుండా మాంసానికే అమ్మేయండి. ఆడపిల్లలు ఎంత ముచ్చటగా ఉన్నా మందలో కలపకండి.