వార్తల్లో పదం: గ్రెలిన్

ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో బాలింత ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు వస్తుంది. బిడ్డను జోలెలో వేసి స్ప్రింగు త్రాసుకు తగిలిస్తుంది. బరువు కాస్త తగ్గితే అవ్వలు ‘పాలు చాల్లేదు’ అనేస్తారు. పుట్టినప్పటి బరువులో పదోవంతు లోపు తగ్గడం మామూలే. ఆ బరువు రెండు వారాల్లో మళ్లీ వచ్చేస్తుంది.

అవ్వల దిగులు బిడ్డ ఆకలి గురించే. ఆ ఆకలి పుట్టించే హార్మోను గ్రెలిన్. ఎక్కువగా పొట్టలో తయారై మెదడుకు కబురు పంపుతుంది. గ్రోత్ హార్మోనునూ విడుదల చేయిస్తుంది. పేరులోని ‘గ్రె’కు పెరగడమని అర్థం. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా ఎలుక పొట్టలో దీన్ని కనిపెట్టారు. 1994లో బయటపడ్డ లెప్టిన్ అనే హార్మోను దీనికి ఎదురు. ఒంట్లో కొవ్వు నిల్వ చాలని చెబుతుంది. రెండూ తల్లిపాలలో ఉన్నాయి. అలాగని పసివాడి ప్రతి ఏడుపూ గ్రెలిన్ పని కాదు, తడిసిన పొత్తిగుడ్డకూ ఏడుస్తాడు.