అండమాను తెలుగువారి వేసవి

"ద్వీపాంతరవాసము" అను సమాసము తెలుగున చాలకాలము శిక్షాస్మృతికి సంబంధించిన మాటగా ఉండెను. తీర్పు పత్రములలో అది సంస్కృతము. పల్లె జనుల నోట అది "అండమాను". 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకరు రెండువందల మంది ఖైదీలతో అచ్చట దిగినది మొదలు, ఆ దీవులకు పోయినవాడు తిరిగి రాడనియే మనవారి నమ్మకము. ఆ నమ్మకము వట్టిది కాదు. 1857 జూలైలో హైదరాబాదు రెసిడెన్సీపై జరిగిన దాడికి నాయకుడైన మౌల్వీ అలావుద్దీను అచ్చటనే కన్నుమూసెను. 1879-80 నాటి రంప పితూరీదారులలో పెక్కురు ఆ దీవులకే పంపబడిరి. కాకినాడ బాంబు కేసునందు శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచార్యులు సెల్యులర్ జైలును చూచినవారు.

అదే మాట నేడు శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు గ్రామములలో ఎట్లు వినబడుచున్నదో గమనింపదగును. "మా బాబు అండమాన్లో ఉన్నాడు" అని ఒక గుంటడు చెప్పినచో, తండ్రి చెఱలో ఉన్నాడని కాదు, పనిలో ఉన్నాడని అర్థము. శిక్షకు పేరైనది జీవనోపాధికి పేరైనది. మన నిఘంటువు లింకను ఈ మార్పును గుర్తింపలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ద్వీపముల జనసంఖ్య మూడు లక్షల ఎనుబది వేలు. అందు తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదముగ్గురు, అనగా ఏబదివేల మంది. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత నాలుగవ స్థానము తెలుగుది. వీరిలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చిన వాడబలిజలు, జాలరులు, కట్టడపు పనివారు, రేవు కూలీలు. తూర్పు బెంగాలు శరణార్థులను 1949 నుండి ప్రభుత్వమే కొనివచ్చి, భూమి యిచ్చి నిలిపినది. మనవారిలో అధికసంఖ్యాకులు అట్లు వచ్చినవారు కారు. అన్న వెంట తమ్ముడు, మేనమామ వెంట మేనల్లుడు, ఒకరి చేయి పట్టుకొని ఒకరు వచ్చినవారు. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, దాని ఫలము పెద్దది. దానిని గూర్చి ముందు చెప్పుదును.

తెలుగువారి సాంద్రత తెలియవలెననిన రాజధాని పట్టణమునందలి జంగ్లీఘాటు రేవును చూడవలెను. ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరు వరకు పోర్టు బ్లెయిరు అని పేరు. పిమ్మట శ్రీ విజయపురమని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. జంగ్లీఘాటు చేపల రేవు. తెల్లవారుజామున డింగీలు ఒడ్డు చేరునప్పుడు అచ్చట వినవచ్చు అరుపులు, బేరములు, తిట్లు భీమునిపట్నమునకో, కళింగపట్నమునకో వచ్చితిమా యను భ్రాంతిని కలిగించును. అయితే కొనువాడు బెంగాలీయో, తమిళుడో, హోటలు మనిషియో అయినపుడు భాష క్షణములో హిందూస్థానీకి మరలును. వలలో వంజరమైన చేప తక్కెడలోనికి వచ్చుసరికి సుర్మై యగును.

ఇక వేసవి. అండమాను వేసవి మన రెంటచింతల వేసవి వంటిది కాదు. ఎండ ముప్పది రెండు, ముప్పది మూడు డిగ్రీలు దాటుట అరుదు. దేశమంతటికి ఒకే గడియారము గనుక, ఆ తూర్పు దీవులలో మే మాసమున అయిదుగంటలకు ముందే తెల్లవారి, సాయంత్రము ఆరుకు ముందే ప్రొద్దు క్రుంకును. కావున అచ్చటి వేసవి సాయంకాలములు పొట్టివి, ఉదయములు దీర్ఘములు. బాధించునది ఎండ కాదు, నీటి యెద్దడి. సంవత్సరమునకు రమారమి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుచోట నీరు లేకుండుట వింతగా వినబడవచ్చును. జనవరి మొదలు ఏప్రిలు చివర వరకు అచ్చట వాన అత్యల్పము; కొండవాలు నేలమీద పడిన నీరు పడినట్లే సముద్రమును చేరును. ఊరికి ముఖ్యాధారము ధనిఖారీ జలాశయము. అది అడుగంటుచున్నకొలది కొళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చును, మఱి కొన్నాళ్ళకు ఇంకను ఎడముగా వచ్చును. జనాభా లక్ష దాటిన పట్టణమునకు, దానిపై వచ్చిపోవు యాత్రికులకు, వారికై లేచిన హోటళ్ళకు కూడ అదే నీరు.

నీళ్ళ వంతు వచ్చిన ఉదయము వాడయంతయు మేలుకొనును. నీలిరంగు పీపాలు, బిందెలు, రబ్బరు గొట్టములు వీధికెక్కును. వరుసలో తెలుగు అప్ప వెనుక తమిళ అక్క, ఆమె వెనుక బెంగాలీ దీదీ, రాంచీ కూలీల సంతతి వారు, కేరళ మాప్పిళ్ళలు. కలహములును అచ్చటనే, సంబంధములు కుదురుటయు అచ్చటనే. ఈ దీవులలో భాషాంతర, కులాంతర వివాహములు మన ప్రాంతములకంటె సులభముగా జరుగుటకు ఖైదీల కాలపు చరిత్ర ఒక కారణమని చెప్పుదురు. కొళాయి వరుసయు ఒక కారణమే యని నా అభిప్రాయము.

ఎండ కాయు ఆ నెలలు చేపలు ఎండబెట్టుటకు అనుకూలమైనవి. మే మూడవ వారము ప్రాంతమున నైరుతి ఋతుపవనము దేశములో మొట్టమొదట ఈ దీవులనే తాకును. ఈలోగా ఇండ్ల కప్పులు బాగుచేసికొనవలెను, పడవ అడుగులు గీకి రంగు వేయవలెను, వలలు అల్లుకొనవలెను. ఇటు మన తూర్పు తీరమున ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధము. 2015కు పూర్వము అది నలుబది యేడు దినములు. ఇప్పుడు అరువదియొక్క దినము. స్వగ్రామమున పని లేని ఆ రెండు మాసములును, దీవులలో పిల్లల బడి సెలవులును ఇంచుమించు ఒకే వేళ వచ్చుటచేత, వేసవి రెండు తీరముల నడుమ బంధువులు కలియు ఋతువైనది. పెండ్లిండ్లు, గ్రామదేవతల పండుగలు, అప్పుల పరిష్కారములు, భూమి తగవులు అన్నియు ఈ రెండు నెలలలోనే.

ప్రయాణమునకు ఓడయే ఆధారముగా ఉండెడిది. విశాఖకును పోర్టు బ్లెయిరునకును నడుమ దూరము సుమారు పండ్రెండు వందల కిలోమీటర్లు. రెండు మూడు దినముల సముద్రము. చెన్నై, కోల్‌కత ఓడలకంటె విశాఖ ఓడ అరుదు. అది తప్పినచో మరల ఎన్నడో. ద్వీపవాసి గుర్తింపు పత్రము గలవారికి టికెట్టు తక్కువ ధర. అయినను దానికొరకు వరుసలో నిలువక తప్పదు. ఆ మూడు దినములు ఓడ క్రింది అంతస్తున ఒక తెలుగు పల్లె వెలయును. చాపలు పరచుకొందురు, ఊరి పేర్లు అడిగి చుట్టరికములు త్రవ్వుకొందురు, వాంతులయిన పిల్లవానికి పరాయి తల్లి నిమ్మకాయ ఇచ్చును. పోవునపుడు మూటలలో ఎండుచేప, కొబ్బరి. వచ్చునపుడు ఆవకాయ జాడీలు, ఉద్దానపు జీడిపప్పు. దీవులలో పుట్టిన పిల్లలు తాతల కథలు మొదట విన్నది ఆ ఓడమీదనే. ఇంత విస్తారమైన కథావస్తువు మన నవలలో కనబడకుండుట నాకు ఆశ్చర్యము.

ఇప్పుడు విమానము వచ్చినది. 2023 జూలైలో క్రొత్త విమానాశ్రయ భవనము తెరచిరి. చెన్నై నుండి రెండు గంటల పైచిల్లర. ముందుగా కొన్నవారికి టికెట్టు చౌక, సెలవుల రద్దీలో కొన్నవారికి ప్రియము. ఈ లెక్క ఉద్యోగికి కుదురును, వేటగానికి కుదరదు. దానివలన ఓడనాటి పల్లె రెండుగా చీలినది. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భ తంత్రి వచ్చినది. దాని పొడవు రెండు వేల మూడువందల కిలోమీటర్లు. అంతకు పూర్వము ఉపగ్రహముపై ఆధారపడి, ఒక చిత్రము పంపుటకే నిరీక్షింపవలసి యుండెను. ఇపుడు ఊరి జాతర ఫోనులోనే కనబడుచున్నది. కనబడుచున్నది గనుక పోవుట తగ్గినదనువారు కలరు; కనబడుట చేతనే పిల్లలకు పోవలెనను కోరిక కలిగినదనువారును కలరు. ఇరువురి మాటయు నిజమే యనిపించును.

నేలయు మారినది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపముతో దక్షిణ అండమాను నేల ఇంచుమించు ఒక మీటరు క్రుంగినది. సిప్పీఘాటువద్ద వరి పండిన పొలములలోనికి పోటునీరు ప్రవేశించి మరల పోలేదు. పైరు నిలిచినచోట నేడు ఉప్పునీటి మడుగులు. ఉత్తరమున దిగ్లీపూరు దిక్కున నేల పైకి లేచి పగడపు దిబ్బలు ఎండలో బయటపడినవి. రేవు గట్టులను, రోడ్లను ఎత్తు చేయవలసి వచ్చినది. అలకు పోయిన ఇండ్ల సంగతి లోకమెరుగును. నేల దిగిపోవుటచేత ప్రతి పౌర్ణమికి గడప దాక వచ్చు నీటి సంగతి ఒడ్డున ఉన్నవారే యెరుగుదురు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను కూల్చినది. కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టు చెట్టది. అటు దీవిలో నేల క్రుంగినది, ఇటు ఊరిలో తోట కూలినది. నడుమ నున్నవాడు ఏది తన ఊరు అనవలెను?

ముందు చెప్పెదనన్న భేదము ఇది. ఆ దీవులకు షెడ్యూల్డు కులముల పట్టిక లేదు. వెనుకబడిన తరగతుల పట్టికలో 1942కు పూర్వపు స్థానికులు, భాంతులు, మాప్పిళ్ళలు, కరెనులు, తూర్పు బెంగాలు నుండి వచ్చి స్థిరపడినవారు కలరు. తెలుగు జాలరి లేడు. స్వగ్రామమున రిజర్వేషను గలవాని మనుమడు దీవిలో పుట్టినందున దానిని పోగొట్టుకొనును, ఊరికి పోయిన దీవివాడనిపించుకొనును. వేసవిలో ఊరికి పోయినపుడు బంధువులను చూచుటతోపాటు తాసీల్దారు కచ్చేరీకి తిరుగుటయు పలువురి పనియైనది ఇందువలననే. అయితే ఈ ఫిర్యాదు వ్రాయువారు మరియొక సంగతి మరువరాదు. 1859 మే మాసమున, ఇట్టి వేసవిలోనే, అబర్డీనువద్ద మహా అండమానీయులు తమ నేలకై విల్లంబులతో ఫిరంగుల నెదుర్కొని ఓడిరి. వేలలో ఉండిన ఆ జాతి నేడు కొన్ని పదులకు వచ్చినది. వలస వచ్చిన వారందరి హక్కులును ఆ ఓటమికి తరువాతివే.

భాష విషయము. ఆ దీవులలో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళములతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రభుత్వ పాఠశాలలు నడచినవి. కాని ఉద్యోగము హిందీ ఇంగ్లీషులదని తలిదండ్రుల లెక్క, వారిని తప్పుపట్టలేము. ఇంటి తెలుగు మాత్రము ఉత్తరాంధ్ర తీరపు తెలుగే. ఊరు "మెయిన్లాండు", దీవి "టాపు", మడచెట్ల నడుమ సముద్రపుటేరు "ఖాడీ". ఈ అన్యదేశ్యముల ప్రక్కనే "గుంటడు", "అప్ప" అను మాటలు నిలిచియున్నవి. నగరములకు పోయిన ఉత్తరాంధ్రులు ఈ మాటలు పలుకుటకు సంకోచింతురు. దీవివారికి ఆ సంకోచము లేదు, వారిని చూచి నవ్వు పొరుగు తెలుగువాడు అచ్చట లేడు గనుక. వలల పేర్లు, ప్రవాహముల పేర్లు, క్రొత్త సముద్రమున క్రొత్తగా ఎదురైన చేపలకు ముసలి వేటగాండ్రు పెట్టుకొన్న పేర్లు ఏ పదకోశమునకును ఎక్కలేదు. ఆ ముసలివారి మనుమలు సరంగులు కారు. యాత్రికులకు దారి చూపువారు, హోటలు గుమాస్తాలు. వారు చేపను దాని వెలనుబట్టి హిందీలో ఎరుగుదురు.

సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరచునప్పటికి వాన పట్టుకొనును. ధనిఖారీ నిండును, పీపాలు ఇండ్లలోనికి పోవును. ఊరినుండి తిరిగివచ్చిన పిల్లలు రెండు మూడు వారములు అమ్మమ్మ యాస మాటాడుదురు. తరువాత ఆటస్థలమున దానిని విడిచి, రాత్రి అన్నము వేళకు మరల ఎత్తుకొందురు.