ఇంజను మార్చే ముందు: మొదటి డ్రిఫ్ట్ కారు ఎంపిక



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. వాళ్ళు ఈ కాలంలో ఉండి ఉంటే "ఇంజను మార్చి చూడు" అని మూడోది కూడా చేర్చేవారేమో. ఈ మాట నాకెందుకు తోచిందో చెబుతాను.

కిందటి వేసవి సెలవుల్లో, నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇంటికొచ్చాడు. శిడ్లఘట్టలో వాళ్ళ నాన్నకు రీలింగు యూనిట్టు ఉంది. "సార్, పాత కారొకటి కొని, దాంట్లో పెద్ద ఇంజను వేసి డ్రిఫ్టింగు నేర్చుకోవాలని ఉంది. ఏ కారు కొనమంటారు?" అన్నాడు. వాడి వెనకాలే వాళ్ళ నాన్నా వచ్చాడు. "వీడికి కాస్త బుద్ధి చెప్పండి సార్. గూళ్ళు కొనడానికి పెట్టుకున్న డబ్బు అడుగుతున్నాడు" అన్నాడాయన. ఆ రోజు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఈ రోజు మీకు చెప్పబోతున్నాను. మీ ఇంట్లో కూడా అలాంటి కుర్రవాడు ఉండవచ్చు.

డ్రిఫ్టింగు అంటే ఏమిటి? మలుపులో కారు వెనక చక్రాలు కావాలనే పట్టు తప్పేలా చేసి, బండి పక్కవాటుగా జారుతుంటే, స్టీరింగును ఎదురు దిక్కుకు తిప్పి, ఆక్సిలరేటరుతో ఆ జారుడును అదుపులో ఉంచడం. ఈ విద్య జపాన్ కొండదారుల్లోనూ పందెపు బాటల్లోనూ పెరిగింది. కేయిచి త్సుచియా అనే డ్రైవరు 1980లలో టొయోటా కొరొల్లా ఏఈ 86 అనే చిన్న కారుతో దీనికి పేరు తెచ్చాడు. 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు మొదలయ్యాయి. ఇందులో వేగంకంటే జారే కోణానికి, అదుపుకు, నేర్పుకు మార్కులు ఎక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ కారు దీనికి పనికొస్తుంది? ఇంజను బలం వెనక చక్రాలకు చేరే కారు. ఈ కాలపు చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలే బండిని లాగుతాయి, అవే తిరుగుతాయి. వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి. హ్యాండుబ్రేకు లాగితే కాసేపు జారుతుంది, అంతే. ఆక్సిలరేటరుతో ఆ జారుడును నిలబెట్టడం కుదరదు. కాబట్టి ఆల్టోలు, స్విఫ్టులు ఈ లెక్కలోంచి పోయాయి.

మన దేశంలో వెనక చక్రాల బండ్లేవి? అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, ప్రీమియర్ 118 ఎన్ఈ, కాంటెస్సా, మారుతి ఓమ్ని, పాత బీఎండబ్ల్యూలు. మారుతి జిప్సీని టూవీల్ డ్రైవులో నడిపితే దాని బలమూ వెనక చక్రాలకే పోతుంది. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఓమ్ని చవక, తేలిక. కానీ సన్నం, ఎత్తు. పక్కవాటుగా జారే బండికి ఎత్తు శత్రువు. గడ్డిమోపు ఎక్కువైన ఎద్దులబండి మలుపులో ఎలా వాలుతుందో మీకు తెలుసు. పైగా ఓమ్ని ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. పెద్ద ఇంజను పెట్టడానికి చోటు లేదు. జిప్సీ గట్టిది, కానీ అదీ ఎత్తే. మట్టిలో, రాళ్ళలో దాని రాజ్యం వేరు.

అంబాసిడర్, పద్మిని బండ్లకు వెనక కమానుపట్టీలు ఉంటాయి. ఇంజను బలం పెంచితే ఆ పట్టీలు మెలితిరిగి, వెనక ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. నేర్చుకునేవాడికి అది తలనొప్పి.

కాంటెస్సా, 118 ఎన్ఈ రెండింటికీ వెనక చుట్టల స్ప్రింగులు. ఇవి రెండూ కర్మాగారంలోనే ఇంజను మార్చుకున్న కార్లు కూడా! కాంటెస్సా శరీరం ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్‌ది. 1984లో మన దేశంలో మొదలైనప్పుడు దానిలో అంబాసిడర్ ఇంజనే ఉండేది. ఆ బరువును అది లాగలేకపోయింది. తర్వాత 1.8 లీటర్ల ఇసుజు ఇంజను పెట్టారు. అప్పుడు గానీ కారు కారులా నడవలేదు. 118 ఎన్ఈ శరీరం ఫియట్ 124 వంశానిది, ఇంజను జపాన్ నిస్సాన్‌ది. పేరులోని ఎన్ఈ నిస్సాన్ ఇంజనే. కాంటెస్సా పొడుగైన కారు. పొడుగు బండి నెమ్మదిగా జారుతుంది, సర్దుకోవడానికి సమయమిస్తుంది. కొత్తవాడికి అది మంచిది. అయితే కాంటెస్సా తయారీ 2002లోనే ఆగిపోయింది. తుప్పు లేనిది దొరకడం అరుదు.

ఇక పాత బీఎండబ్ల్యూ. కొనేటప్పుడు చవకగానే కనిపిస్తుంది. కానీ "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్న సామెత దానికోసమే పుట్టినట్టుంటుంది. ఒక్కొక్క సామానుకు బెంగుళూరు తిరగాలి.

ఇప్పుడు ఇంజను మార్పిడి సంగతి. మీ రీలింగు యూనిట్టులో కాలిపోయిన మోటారు తీసి, దానికంటే రెట్టింపు బలమున్న మోటారు బిగించారనుకోండి. బెల్టు తట్టుకోవాలి, పుల్లీ సరిపోవాలి, వైరింగు ఆ కరెంటును మోయాలి. కారులోనూ అంతే. ఇంజను బానెట్టు కింద పట్టినంత మాత్రాన పని అయిపోదు. దాన్ని పట్టి ఉంచే మౌంట్లు కొత్తగా చేయాలి. గేరుబాక్సు దానికి కలవాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయాలి. కింద ఆయిలు సంపు స్టీరింగు కడ్డీలకు తగలకూడదు. రేడియేటరు పెద్దది కావాలి. అన్నిటికంటే ముందు, బ్రేకులు ఆ బలానికి తగ్గవి కావాలి.

ఇంకొక చిక్కు. ముందు చక్రాల కారు ఇంజను అడ్డంగా కూర్చుంటుంది, దాని గేరుబాక్సు వెనక చక్రాల బండికి పనికిరాదు. కాబట్టి నిలువుగా కూర్చునే ఇంజనే వెతకాలి. అది కూడా తన గేరుబాక్సు, వైరింగు, కంప్యూటరు పెట్టె, తాళంచెవితో సహా ఒకే బండిలోంచి రావాలి. తాళంచెవిని గుర్తుపట్టే కంప్యూటరున్న ఇంజనును విడిగా తెస్తే, అది స్టార్టే కాదు. గుజరీలో ఇంజను మాత్రం చవకగా దొరికిందని తెచ్చుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

చివరగా డిఫరెన్షియలు. బురదమడిలో ట్రాక్టరు ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే డ్రైవరు ఏం చేస్తాడు? డిఫ్ లాకు తొక్కుతాడు. అప్పుడు రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. డ్రిఫ్టు కారుకూ అదే కావాలి. మామూలు కారుకు ఆ సదుపాయం ఉండదు. ఎంత పెద్ద ఇంజను పెట్టినా ఒక్క చక్రమే పొగ కక్కుతుంది. డబ్బు కొంచెమే ఉంటే ముందు డిఫరెన్షియలు, టైర్లు, బ్రేకులు చూసుకోవాలి. ఇంజను ఆఖరున.

ఇప్పుడు తల్లిదండ్రులు జాగ్రత్తగా వినండి. ఇంజను నెంబరు ఆర్‌సీ పుస్తకంలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా ఇంజను మార్చకూడదు. తయారీదారు ఇచ్చిన అసలు నమూనాకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పాత ఇంజను పాడైతే అదే రకం ఇంజను వేసుకోవడానికి ఆర్‌టీవో దగ్గర అనుమతి అడగవచ్చు. పెద్ద ఇంజను వేసిన డ్రిఫ్టు కారు మాత్రం రోడ్డు మీదికి రాకూడదు. దాన్ని లారీ మీద ఎక్కించి పందెపు బాటకు తీసుకుపోవాలి. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అలాంటి బాట 1990 నుంచి ఉంది.

సరిహద్దులో ఉన్న మనకు ఇంకో జాగ్రత్త. హిందూపురంలోనో మదనపల్లెలోనో తక్కువకు దొరికిందని ఆంధ్రా నెంబరు బండి కొంటే, పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి నుంచి ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించి, టాక్సు కట్టాలి. పదిహేనేళ్ళు దాటిన కారుకు ఆర్‌సీ రెన్యువలు చూడాలి. కాగితాలు సరిగా లేని కారు ఎంత చవకైనా ఖరీదైనదే.

మన నంది కొండ ఘాటు ఉంది కదా, అక్కడ నేర్చుకుంటానంటారు కుర్రవాళ్ళు. అది పందెపు బాట కాదు. ఎదురుగా వచ్చే బండిలో పిల్లాపాపలుంటారు. రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు పడవచ్చు. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణ ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల రూపాయల జుల్మానా.

మరి నా శిష్యుడికి ఏమని చెప్పాను? "ఇంజను మార్చడానికి అనువైన కారు కొను, కానీ ఇంజను మార్చకు" అన్నాను. అంటే, తుప్పు లేని శరీరం, సరైన కాగితాలు, దొరికే సామాన్లు, నడిచే ఇంజను. ఆ చిన్న ఇంజనుతోనే, పందెపు బాటలో, తడినేల మీద జారడం నేర్చుకో. తడినేల మీద తక్కువ బలమే చాలు. తప్పు చేసినా తక్కువ వేగంలో చేస్తావు. ఆ ఇంజను నీకు చాలలేదని చేతులు చెప్పిన రోజు, మార్పిడి గురించి ఆలోచించు.

వాళ్ళ నాన్న తల ఊపి, "అయితే ఇప్పుడు గూళ్ళ డబ్బు అక్కర్లేదన్నమాట" అన్నాడు. కుర్రవాడు మాట్లాడలేదు. ఇప్పుడు ఆదివారాలు చింతామణి రోడ్డులో ఒక మెకానిక్కు షెడ్డుకు పోతున్నాడు. మొన్న ఒక పాత ఇంజను పూర్తిగా విప్పి, మళ్ళీ తనే బిగించాడట. ఒక బోల్టు మిగిలిపోయిందని నవ్వుతూ చెప్పాడు. "అది ఎక్కడిదో తెలిసేదాకా కారు కొనకు" అన్నాను.