ఏ పనికి ఏ గడప?



కాలేజీలో చేరబోయే అమ్మాయికి ఆదాయం సర్టిఫికెట్టు కావాలి. మనవరాలికి పుట్టినతేదీ సర్టిఫికెట్టు కావాలి. వీధిలో మురుగునీరు పొంగుతోంది. తార్నాకలో ఓ ఇల్లాలికి ఈ మూడు పనులూ ఒకేసారి వచ్చిపడ్డాయనుకోండి. అన్నిటినీ మనం 'గవర్నమెంటాఫీసు పని' అనేస్తాం. కాని గడపలు మూడు. తప్పు గడప తొక్కితే ఓ రోజు వృథా. అడ్మిషను గడువు దాటితే అమ్మాయికి ఏడాది వృథా.

మన దేశంలో ఇప్పుడు 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయి. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు జిల్లాలు 10, ఇప్పుడు 33. జిల్లాకు పెద్ద కలెక్టరు. ఆయన కింద రెవెన్యూ డివిజన్లు, వాటి కింద మండలాలు. పెద్దవాళ్లు ఇంకా 'తాలూకా' అంటూంటారు గాని, 1985లోనే వాటి స్థానంలో మండలాలు వచ్చాయి. మండలానికి అధికారి తహసీల్దారు. ఆదాయం సర్టిఫికెట్టుకు అర్జీ మీసేవలో ఇచ్చినా, మంజూరు చేసేది ఆయనే. వీరంతా ప్రభుత్వం నియమించేవారు.

మనం ఎన్నుకునేవారి వరస వేరు. పల్లెల్లో గ్రామ పంచాయతీ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు. మన ప్రాంతంలో పంచాయతీరాజ్‌ను 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూగారు ప్రారంభించారు. హైదరాబాదు జిల్లాలో పల్లెలు లేవు, కనుక జిల్లా పరిషత్తూ లేదు. ఇక్కడ నగరపాలక సంస్థ, వార్డులు, కార్పొరేటర్లు. చెత్త, వీధి దీపాలు, జనన మరణాల నమోదు వీరి పని. 2020 ఎన్నికల్లో సగం వార్డులు స్త్రీలకే కేటాయించారు. తార్నాక నుంచి గెలిచిన మహిళే 2021లో డిప్యూటీ మేయరయ్యారు.

మరి మురుగునీరో? అది 1989లో ఏర్పడిన జలమండలి పని. కార్పొరేటరుకు చెప్పుకోవచ్చు, ఫిర్యాదు మాత్రం జలమండలిలో నమోదు కావాలి.

తార్నాక పక్కనే 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది కదా! అక్కడి హాస్టళ్లు, క్వార్టర్ల సంగతి వైస్‌ఛాన్సలరు, రిజిస్ట్రారు చూసుకుంటారు. అంతమాత్రాన క్యాంపస్ వేరే రాజ్యం కాదు. అక్కడ కాపురమున్న ఇల్లాలికీ ఆదాయం సర్టిఫికెట్టు తహసీల్దారే ఇవ్వాలి; ఆమె ఓటూ మనలాగే వార్డులోనే.

మండలం, వార్డు, అసెంబ్లీ నియోజకవర్గం: ఈ మూడింటి హద్దులూ ఒకటి కావు. పక్కింటివారిని అడిగి సరిపెట్టుకోకుండా, మీ ఇల్లు దేనిలో ఉందో కనుక్కుని, ఓ కాగితంమీద రాసి బీరువా తలుపు లోపల అంటించుకోండి. అర్జీ ఇచ్చినప్పుడల్లా రసీదు నంబరు కూడా అక్కడే రాసుకోండి. ఆ నంబరు చేతిలో ఉంటే "రేపు రండమ్మా" అనేవారిని "ఎందుకు?" అని అడగడానికి మీకు ధైర్యం వస్తుంది.