పదవీ విరమణ తర్వాత పెరిగే బరువు, తగ్గే బలం

మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు పలుమార్లు మారింది. 1983లో 58 నుంచి 55కి తగ్గించారు. తర్వాత మళ్లీ 58 చేశారు. 2014లో 60కి, 2022 జనవరి నుంచి 62కి పెంచారు. జీవో ఒక్క రోజులో మారుతుంది. ముప్పై, నలభై ఏళ్లు ఒక పద్ధతికి అలవాటుపడిన శరీరం అంత తేలిగ్గా మారదు. రిటైరైన తొలి రెండు మూడేళ్లలో చాలామంది ఆరోగ్యం దారి తప్పడానికి మొదటి కారణం ఇదే.

ఎవరు బరువు పెరుగుతారు?

రిటైరైన వాళ్లందరూ లావెక్కరు. ఈ విషయంపై అమెరికాలోనూ, నెదర్లాండ్స్‌లోనూ పరిశోధనలు జరిగాయి. రెండు చోట్లా దాదాపు ఒకే సంగతి తేలింది. ఒళ్లు వంచి పనిచేసినవాళ్లు పని మానేశాక ఎక్కువ బరువు పెరుగుతున్నారు. కుర్చీలో కూర్చుని పనిచేసినవాళ్లలో అంత మార్పు లేదు. అప్పటికే బరువు ఎక్కువగా ఉన్నవారు, ఆస్తిపాస్తులు తక్కువగా ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలని అమెరికా పరిశోధన చెబుతోంది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. రాజమండ్రి పేపరు మిల్లులో షిఫ్టు చేసిన కార్మికుడు, ఊరూరా తిరిగిన లైన్‌మన్, తాడితోట బట్టల మార్కెట్‌లో రోజంతా నిలబడి థాన్లు ఎత్తి దించిన గుమాస్తా వేరే వ్యాయామం చేయక్కర్లేదు. వారి ఉద్యోగమే వ్యాయామం. ఉద్యోగం పోయిన రోజునే ఆ వ్యాయామమూ పోతుంది. ఆకలి మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. కంచంలో అన్నం తగ్గదు.

పైగా ఇంట్లో ఉంటే టీ ఎక్కువవుతుంది. రెండు చెంచాల పంచదార అంటే సుమారు 10 గ్రాములు, 40 కేలరీలు. రోజుకు మూడు టీలు అదనంగా తాగితే పంచదార నుంచే 120 కేలరీలు చేరతాయి. పక్కన రెండు బిస్కెట్లు, మనవడి కోసం తెచ్చిన తాపేశ్వరం కాజాలో ఒక ముక్క, పెళ్లి ఇంటి నుంచి వచ్చిన పూతరేకు కలుస్తాయి. ఒక్కొక్కటీ చిన్నదే. ఏడాది తిరిగేసరికి ప్యాంటు బిగుతవుతుంది.

మన డెల్టా సంగతి

ఇది పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు కలిసి 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల వివరాలు సేకరించాయి. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. ఏడాదిలో నమోదైన మరణాలు 1,354. వాటిలో నూటికి 32 గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధుల వల్ల సంభవించాయి. అంటువ్యాధులు, పరాన్నజీవుల వల్ల వచ్చే వ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. ఇదే ప్రాంత గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగర్ ఉన్నట్టు తేలింది. ఇరవై ఏళ్ల కిందటే, పల్లెల్లోనే పరిస్థితి ఇది.

కాటా కన్నా టేపు ముఖ్యం

వయసు పైబడ్డాక బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. కదలిక తగ్గితే కండ కరుగుతుంది, ఆ చోట కొవ్వు చేరుతుంది. కాటా మీద అంకె మారకపోయినా పొట్ట పెరుగుతుంది. పొట్ట లోపల చేరిన కొవ్వు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో షుగర్, బీపీ, కొవ్వు మూడూ పెరుగుతాయి. మన దేశస్థులకు నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ప్రమాద సూచనగా వైద్యులు చెబుతారు. దర్జీ టేపు చాలు, ఆసుపత్రికి వెళ్లనక్కర్లేదు.

పింఛను లేనివారి రిటైర్మెంటు

మరో రకం విరమణ ఉంది. దానికి తేదీ ఉండదు, సన్మానం ఉండదు. రిక్షా తొక్కినవారు, కుట్టుపని చేసినవారు, బస్తాలు మోసినవారు చెయ్యి వణికినప్పుడో, మోకాలు మొరాయించినప్పుడో పని మానేస్తారు. ప్రభుత్వం 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు చేసింది. చాలామందికి అదే ఆధారం. వీరిలో కొందరు లావెక్కరు, చిక్కిపోతారు. మూడు పూటలా అన్నం, పచ్చడి, మజ్జిగతో కడుపు నిండవచ్చు గాని కండ నిలవదు. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో, ఏడాదిలో బరువులో ఇరవయ్యో వంతు తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు వస్తే, వయసు వల్లే అని వదిలేయకూడదు. క్షయ, షుగర్, క్యాన్సర్, దిగులు, చివరికి పళ్లు లేకపోవడం కూడా కారణం కావచ్చు.

ఇంట్లో ఆడవారికైతే అసలు విరమణే లేదు. భర్త రిటైరైతే వంటపని పెరుగుతుంది. తన మోకాళ్ల నొప్పి, తన బీపీ ఎప్పుడూ ఆఖరి వరసలోనే ఉంటాయి. పరీక్షకు ఇద్దరూ కలిసే వెళ్లాలి.

ఏం చేయాలి?

నడక: వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మసీదు పది నిమిషాల దూరంలో ఉంటే ఫజర్‌కు, ఇషాకు స్కూటరు మాని నడిచి వెళ్లి రండి, నలభై నిమిషాలు పూర్తవుతాయి.

కండబలం: వారానికి రెండు రోజులైనా కండకు పని చెప్పాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం మంచి ఆరంభం. పడిపోయే భయం ఉంటే గోడ పక్కన చేయండి.

భోజనం: అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచండి. బిర్యానీ మానక్కర్లేదు, రెండోసారి వడ్డించుకోవడం మానితే చాలు. ఉప్పు అన్నిటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. ఆవకాయ, అప్పడం కూడా ఆ లెక్కలోవే. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పు, మాంసం ఎంత తినాలో డాక్టర్‌ని అడగాలి.

రంజాన్: షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు నెలన్నర, రెండు నెలల ముందే డాక్టర్‌ని కలిసి, ఉపవాసం ఉండవచ్చో లేదో, మందుల వేళలు, మోతాదు ఎలా మార్చాలో తెలుసుకోవాలి. సొంతంగా మందు మానేస్తే షుగర్ పెరుగుతుంది. పాత మోతాదే కొనసాగిస్తే పగటిపూట షుగర్ పడిపోవచ్చు. ఇఫ్తార్‌లో సమోసాలు, షర్బత్ ఎక్కువైతే ఉపవాస మాసంలోనే బరువు పెరుగుతారు.

పని: తీరిక కూడా ఒక బరువే. ఉదయం లేచి చేరవలసిన చోటు ఒకటి ఉన్న మనిషి సమయానికి తింటాడు, నిద్రపోతాడు, నలుగురితో మాట్లాడతాడు. పిల్లలకు లెక్కలు చెప్పడమో, ఆసుపత్రికి వెళ్లే ముసలివారికి తోడుగా వెళ్లడమో, ఏదో ఒక బాధ్యత పెట్టుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఏడాది రిటైరవుతుంటే శాలువా కప్పే రోజున ఒక చిన్న పుస్తకంలో నాలుగు అంకెలు రాయించండి: బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచి పక్కనే రాయండి. వీధి చివర, పింఛను లేకుండా పని మానేసిన పెద్దాయనకు కూడా ఆ నాలుగూ రాయించండి. తేడా చిన్నగా ఉన్నప్పుడే కనిపెడితే నడకతో, కంచంతో సరిదిద్దుకోవచ్చు.